కిటికీ అద్దం ముక్కలతో చేసిన గిన్నెలు అమ్మవచ్చా?

పెన్నా గట్టు (నెల్లూరు):
సంక్రాంతికి చిన్న కరెంటు కొలిమి కొన్నాను. ట్రంకు రోడ్డులో అద్దాలు కోసే దుకాణంవారు మిగిలిన కిటికీ అద్దం ముక్కలు ఊరికే ఇస్తున్నారు. రెండు పలకల మధ్య ఆకుపచ్చ సోడా బుడ్డి పెంకులు పరిచి, 830 డిగ్రీల దగ్గర కరిగించి అతికించాను. మర్నాడు మట్టి అచ్చు మీద పెట్టి మళ్ళీ వేడి చేస్తే మెత్తబడి, అచ్చులోకి దిగి గిన్నె అయింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. నాలుగో రోజు రాత్రి అలమరలో టప్పుమని శబ్దం. చూస్తే రెండు ముక్కలు. ఎవరూ ముట్టుకోలేదు. "ఎవరికైనా అమ్మి ఉంటే పరువు పోయేది, విదేశీ గాజు తప్ప వాడకు" అని మా బావగారు తేల్చేశారు. ఆ గాజు ధర చూస్తే వెండి గిన్నె కొనడమే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

ఒంగోలు కొలిమి:
మీ బావగారి మాటే నాది. వేడికి ప్రతి గాజూ కొంత సాగుతుంది, చల్లారితే కుంచించుకుంటుంది. కొలిమి పని కోసమే తయారుచేసే ఆ విదేశీ గాజు మీద 90 అనో 96 అనో ఉంటుంది. ఒక్క డిగ్రీ వేడికి కోటి భాగాల్లో అన్ని భాగాలు సాగుతుందని దాని అర్థం. కిటికీ అద్దం ఇంచుమించు 85 దగ్గర ఉంటుంది. సోడా బుడ్డి ఎంతో దాన్ని పోసినవాడికే తెలియాలి. ఊరూ పేరూ తెలియని గాజును ఇంట్లో ఉంచుకోండి, డబ్బు తీసుకుని ఇంకొకరి చేతిలో పెట్టకండి.

కావలి మాస్టారు:
అమ్మా, మీరు చెప్పిన లెక్క సరైనదే. దాని నుంచి మీరు చేసిన తీర్పుతోనే నాకు పేచీ. రెండు గాజులకు తేడా 5 అనుకోండి. 500 డిగ్రీల నుంచి చల్లారేసరికి 10 సెంటీమీటర్ల ముక్కలో అది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. కంటికి ఆనదు, కానీ గాజుకు సర్దుకుపోయే గుణం లేదు. అందుకే నాలుగు రోజులు బిగబట్టి, ఐదో రోజున పగులుతుంది. ఇక్కడ తప్పు కిటికీ అద్దానిది కాదు, రెండు జాతుల గాజును కలపడానిది.

ఆ 90, 96 అంకెలనూ వేదవాక్కులుగా తీసుకోకండి. అవి 300 డిగ్రీల లోపు కొలిచినవి. గాజు బిగుసుకునేది అంతకు చాలా పైన. ఆ వేడిలో ఏది ఎంత చిక్కగా ఉంటుందన్నది కూడా ముఖ్యమే. అంకె ఒకటే అయినా రెండు కంపెనీల గాజులు పొసగకపోవచ్చు. ఒకే పలక నుంచి కోసిన ముక్కలను మించిన జోడీ మీ విదేశీ పెట్టెలోనూ లేదు.

గూడూరు, చిల్లకూరు వైపు నుంచి లారీల కొద్దీ సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు వెళుతుంది. ఇసుక మనది, గాజు మాత్రం ఓడ దిగి రావాలా? (ఇది వాదన కాదు, నా కడుపుమంట.)

పెన్నా గట్టుగారూ, చల్లార్చేటప్పుడు ఏ వేడి దగ్గర ఎంతసేపు ఆపారు?

పెన్నా గట్టు:
482 దగ్గర గంటసేపు, మాస్టారూ. కొలిమితో వచ్చిన పుస్తకంలో అలాగే ఉంది.

కావలి మాస్టారు:
అది 90 రకం గాజుకు చెప్పే లెక్క. లోపలి బిగువు సడలడానికే ఆ నిలుపు. మీ కిటికీ అద్దానికి అది 540 పైచిలుకు దగ్గర ఉండాలి. 482కు దిగేసరికి అద్దం ఎప్పుడో బిగుసుకుపోయి ఉంటుంది. అక్కడ గంట నిలిపినా పూట నిలిపినా ఒకటే. పగులు ఎలా పోయిందో కూడా చెప్పండి. ఆకుపచ్చ పెంకు అంచు వెంబడే పోయిందా, అడ్డదిడ్డంగా వంకర తిరిగిందా?

పెన్నా గట్టు:
అంచు వెంబడే. గీత గీసినట్టుంది.

ఒంగోలు కొలిమి:
అయితే పొసగకపోవడమే ప్రధాన దోషం, అందులో మాస్టారితో ఏకీభవిస్తాను. కానీ "ఒకే పలక" అని ఆయన తేలిగ్గా అనేశారు. దుకాణం వెనక గుట్టలో పది ఇళ్ళ కిటికీల ముక్కలు కలిసి ఉంటాయి. ఏది ఏ పలకదో ఎవరు చెబుతారు? మందం ఒకటైతే గాజు ఒకటి అవుతుందా?

ఇంకొకటి. ఈ అద్దాన్ని కరిగిన తగరం మీద తేల్చి తయారుచేస్తారు, పిల్కింగ్టన్ వారు 1959లో ప్రకటించిన పద్ధతి. తగరం తగిలిన వైపు కొలిమిలో వంగినప్పుడు పాలమీగడలాంటి పొర రావచ్చు. సరిగ్గా కడగకపోయినా, 700 దాటాక అక్కడే ఎక్కువసేపు తాత్సారం చేసినా, పైన స్ఫటికాలు పేరుకుని తళుకు పోతుంది. అటువంటి గిన్నెలు నా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. రంగులా, దొరకడమే అరుదు. ఊరికే వచ్చిన అద్దం ఊరికే ఏమీ రాదు!

చీమకుర్తి రాయి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా వైపు నల్లరాతి పలకలకు కొదవ లేదు కదా అని ఒకటి కొలిమిలో అడుగున వేశాను. వేడెక్కుతుండగానే రెండుగా చీలింది. ఎవరూ ఆ పని చేయకండి. వేసవిలో చల్లార్చే వేళకే కరెంటు పోతుంది, దానికేం చేస్తారు?

కావలి మాస్టారు:
మూత తెరవకుండా కూర్చోవడమే. ఇటుకల్లో ఉన్న వేడి మెల్లగానే దిగుతుంది. అనుమానంగా ఉంటే మళ్ళీ నెమ్మదిగా 540కి ఎక్కించి, మొదటి నుంచి చల్లార్చండి.

ఒంగోలు అమ్మాయిగారు అడిగినదానికి జవాబు: గుట్టలో ఏరవద్దు. ఒక పెద్ద ముక్క తెచ్చుకుని దాన్నే కోయండి. పాత అద్దంతో కొత్తది కలపాల్సివస్తే ముందు పరీక్ష చేయండి. ఒక పట్టీ మీద రెండోదాని చిన్న ముక్క అతికించి, సరిగా చల్లార్చి, కంప్యూటర్ తెర తెల్లగా వెలిగేటట్టు పెట్టండి. పోలరాయిడ్ చలువ కళ్ళద్దాన్ని తిప్పుతూ చూస్తే ఒక కోణంలో తెర నల్లబడుతుంది. అప్పుడు తెరకూ కళ్ళద్దానికీ మధ్య ఆ పట్టీ ఉంచండి. అతికిన ముక్క చుట్టూ వెలుగు కనబడితే లోపల బిగువు ఉన్నట్టే.

పెన్నా గట్టు:
పగిలిన గిన్నె ముక్కలో ఇంకా పెంకు అతికి ఉన్నచోట ఇప్పుడే చూశాను. ఆకుపచ్చ చుట్టూ చంద్రుడికి గుడి కట్టినట్టు వెలుగు! సోడా బుడ్డికి ఇక సెలవు. ఒకే పలకతో, 545 దగ్గర నిలిపి, ఇంకొకటి చేస్తాను. అది వెలుగు చూపకపోతే అమ్మవచ్చు కదా?

ఒంగోలు కొలిమి:
తాళంచెవులు వేసుకునే పళ్ళెమని చెప్పి అమ్మండి, అభ్యంతరం లేదు. భోజనాల బల్ల మీదికి మాత్రం వద్దు. మన ఊళ్ళలో గిన్నె అనగానే ఎవరో ఒకరు పొయ్యి మీద నుంచి దించిన చేపల పులుసు అందులో పోస్తారు.

కావలి మాస్టారు:
ఆ పని చేస్తే మీ 90 రకం గిన్నె మాత్రం నిలుస్తుందా, అమ్మా?

ఒంగోలు కొలిమి:
నిలవదు. అందుకే నేను అమ్మే ప్రతి గిన్నెతో ఆ మాట రాసిన చీటీ పెడతాను.