11 మంది, 4 రూములు: వదినకి విడి రూమ్ ఇవ్వాలా?

పెద్దకోడలు
అందరికీ నమస్కారం. అత్తగారివాళ్ళు, మా అమ్మ, మేము కలిసి మొత్తం 11 మందిమి 7 రాత్రుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. ఏజెంట్ 4 రూములు పట్టి ఉంచాడు, రెండు బాల్కనీవి, రెండు లోపలివి (వాటికి కిటికీ కూడా ఉండదు). రేపు సాయంత్రంలోగా ఏ రూములో ఎవరో పేర్లు ఇవ్వాలి. నేను వేసిన లెక్క ఇది. అత్తయ్యగారు, మామగారు ఒక బాల్కనీ రూములో. నేను, మావారు, రెండేళ్ళ పాప ఇంకో బాల్కనీ రూములో. మరిది, తోడికోడలు, వాళ్ళ 13 ఏళ్ళ బాబు ఒక లోపలి రూములో. మిగిలింది మా వదిన (మావారి అక్క, 44 ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు), మా అమ్మ, మా ఎనిమిదేళ్ళ బాబు. వాళ్ళు ముగ్గురూ ఇంకో లోపలి రూములో.

నిన్న వదిన ఫోన్ చేసి "నాకు విడిగా రూమ్ చూడు" అంది. విడి రూమ్ అంటే ఒక్క మనిషికి దాదాపు ఇద్దరి టికెట్ పడుతోంది. మావారు ఏమీ మాట్లాడరు. మరిది తనకి బాల్కనీ ఎందుకు లేదని ముభావంగా ఉన్నాడు. పగలంతా బయటే తిరుగుతాం, రూమ్ రాత్రి పడుకోవడానికే కదా, దానికి అంత ఖర్చు ఎందుకు అంటున్నాను. నేను అన్నదాంట్లో తప్పుందా?

లెక్కపక్కా
తప్పేం లేదు. డబ్బు ఎవరు పెడితే రూమ్ వాళ్ళు ఎంచుకుంటారు, అంతే. ఆవిడకి విడి రూమ్ కావాలంటే తేడా ఆవిడే కట్టుకోవాలి. షిప్పులో రేటు మనిషికి ఇంత అని చెప్పినా, అది రూములో ఇద్దరుంటారన్న లెక్కమీద వేసిన రేటు. ఒక్కరే ఉంటే రెండో బెర్త్ ఖాళీ పోతుంది కాబట్టి ఆ డబ్బు కూడా లాగుతారు, చాలా చోట్ల 200 శాతం. మూడో మనిషికి, నాలుగో మనిషికి మాత్రం బాగా తగ్గిస్తారు. అందుకే ముగ్గురిని ఒక రూములో వేయడం తెలివైన పని.

డెక్కుసెవెన్
ఆ బాల్కనీ రూములు ఏ డెక్కులో (అంటే ఎన్నో అంతస్తులో), షిప్పు ముందు వైపా మధ్యలోనా? పెద్దవాళ్ళని ముందు వైపు పై డెక్కుల్లో వేయకండి, ఊపు ఎక్కువ.

శరత్‌కాలం
పెద్దకోడలు గారూ, మీ పోస్టులో "మిగిలింది మా వదిన" అన్న మాట నాలుగుసార్లు చదివాను. నాకు 51 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. మా ఇంట్లో ఇలాంటి ప్రయాణాలు మూడు చేశాం, మూడుసార్లూ నేను మిగిలినదాన్నే. జంటలకి మంచాలు కుదిరాక, పిల్లలు కుదిరాక, ఎక్కడ బెర్త్ ఖాళీ ఉంటే అక్కడ నేను. ఒకసారి పై బెర్త్ ఇచ్చారు. అది గోడలోంచి కిందికి దిగే మంచం, సన్న నిచ్చెన ఎక్కాలి. రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కి దిగాలంటే కింద పడుకున్న అక్కకూతురి తలమీద కాలు పడుతుందేమోనని చీకట్లో ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగేదాన్ని. నాలుగో రోజు నుంచి సాయంత్రం తర్వాత నీళ్ళు తాగడం మానేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

మీ వదిన అడిగింది విలాసం కాదండీ.

నీలిదారి
విడి రూమ్ బదులు కనెక్టింగ్ డోర్ ఉన్న రూములు చూడొచ్చు కదా? రెండు రూముల మధ్య లోపల్నుంచే తలుపు ఉంటుంది. మేము అలాగే వెళ్ళాం, చాలా సుఖం. పక్కపక్క రూములు అని రాసి ఉంటే మోసపోకండి, పక్కపక్కన ఉన్నంత మాత్రాన మధ్యలో తలుపు ఉండదు. డెక్ ప్లాన్‌లో ఆ గుర్తు విడిగా ఉంటుంది, చూసుకోండి. బాల్కనీలు పక్కపక్కన ఉంటే మధ్య అడ్డు తీయమని రూమ్ చూసే అతన్ని అడగొచ్చు, కొన్ని షిప్పుల్లో తీస్తారు.

లెక్కపక్కా
@శరత్‌కాలం మీ బాధ అర్థమైంది కానీ అది పై బెర్త్ సమస్య, విడి రూమ్ సమస్య కాదు. ఇక్కడ ఆవిడకి కింద మంచం ఇస్తే సరిపోతుంది, బాబు పైన పడుకుంటాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి పై బెర్త్ అంటే సంబరం.

శరత్‌కాలం
@లెక్కపక్కా మంచం గురించి మీకు అర్థమైంది, మనిషి గురించి కాలేదు. ఒక లెక్క నేనూ అడుగుతాను. ఆ ముగ్గురి రూములో తగ్గింపు రేటు ఎవరి పేరుమీద పడింది? మూడో బెర్త్ బాబుది. అంటే వదిన తన వాటా పూర్తిగా కడుతోంది, తగ్గింపు తమ్ముడి కుటుంబానికి పోతోంది. పూర్తి టికెట్ కొన్న మనిషి ముగ్గురి రూములో పడుకోవాలి. ఇది మీ "డబ్బు పెట్టినవాళ్ళు ఎంచుకుంటారు" సూత్రానికి సరిపోయిందా?

లెక్కపక్కా
తగ్గింపు ముగ్గురికీ సమానంగా పంచుకుంటే అయిపోయె. దానికి విడి రూమ్ ఎందుకు?

రెండోవాడు
మా ఇంట్లో బాల్కనీలకి చీటీలు వేశాం. ఎవరూ అలగలేదు.

పెద్దకోడలు
అందరికీ థాంక్స్. తగ్గింపు సంగతి నాకు నిజంగా తట్టలేదు, అది సరిచేస్తాను. కనెక్టింగ్ డోర్ ఉన్నవి అయిపోయాయట. @డెక్కుసెవెన్ అత్తయ్యగారి బాల్కనీ 11వ డెక్కులో ముందు వైపు. మాది మధ్యలో, 8వ డెక్కు. పెద్దవాళ్ళకి బాల్కనీ ఇవ్వకపోతే బాగోదని ఇచ్చాం. ఒక సందేహం, ఇప్పటికి ఇలా పేర్లు ఇచ్చేసి షిప్పు ఎక్కాక రూములు మార్చుకుంటే ఇబ్బందా?

డెక్కుసెవెన్
అత్తయ్యగారికి కారులో, బస్సులో వాంతి వచ్చే అలవాటుందా? ఉంటే ఆ రూమ్ వెంటనే మార్చండి. షిప్పు ముందూ వెనకా పైకీ కిందికీ లేస్తుంటే మధ్య భాగం తక్కువ కదులుతుంది, ఎత్తు పెరిగేకొద్దీ పక్కలకి ఊగడం ఎక్కువ తెలుస్తుంది. మధ్యలో, కింది డెక్కు, అదే వాళ్ళ చోటు. ఇంకోటి, పైన ఏముందో చూడండి. పూల్ డెక్కు సరిగ్గా పైన ఉంటే పొద్దున్నే కుర్చీలు ఈడుస్తారు. కింద థియేటర్ ఉంటే రాత్రి మోత.

ఎక్కాక మార్చుకోవడం గురించి. రాత్రి ఎవరు ఏ మంచం మీద పడుకున్నారని ఎవరూ చూడరు, కౌంటర్‌లో అడిగితే చాలా షిప్పుల్లో ఇంకో తాళం కార్డు కూడా ఇస్తారు. కానీ మీ మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, అది బుక్ చేసిన కేబిన్‌ని బట్టి ఉంటుంది. పిల్లలు ఒక కేబిన్‌లో పేరు ఉండి ఇంకో కేబిన్‌లో పడుకుంటే కౌంటర్‌లో చెప్పి పెట్టండి. 1912లో టైటానిక్ మునిగాక 1914లో సోలాస్ అనే ఓడల భద్రతా ఒప్పందం తెచ్చింది ఊరికే కాదు, లైఫ్‌బోట్‌లో ప్రతి మనిషికీ చోటు లెక్క ఉండాలి. అందుకే రూములో నాలుగో మంచం ఉన్నా, ఆ వైపు స్టేషన్ నిండిపోతే నాలుగో మనిషిని ఇవ్వరు. "మంచం ఉంది కదా" అని ఏజెంట్‌తో గొడవపడి లాభం లేదు.

నీలిదారి
పిల్లల్నే విడిగా ఒక రూములో వేద్దామనుకునేవాళ్ళకి కూడా చెప్తున్నాను, చాలా క్రూయిజ్ లైన్లలో (షిప్పులు నడిపే కంపెనీల్లో) ప్రతి రూములో 21 దాటిన పెద్ద మనిషి ఒకరు ఉండాలి. అమ్మానాన్నలు పక్క రూములోనో ఎదురు రూములోనో ఉంటే కొన్ని లైన్లు మినహాయింపు ఇస్తాయి. కనెక్టింగ్ డోర్ ఉంటే ఈ తలనొప్పే లేదు.

లెక్కపక్కా
మీరు ఆ డోర్ దగ్గరే ఆగిపోయారు నీలిదారి గారూ, అయిపోయాయని ఆవిడ చెప్పారు కదా.

శరత్‌కాలం
పెద్దకోడలు గారూ, ఒక్క మాట. రూమ్ రాత్రి పడుకోవడానికే కదా అన్నారు. మరి మీకు బాల్కనీ ఎందుకు? మీ అత్తగారికి పెద్దరికం, సరే. మీ బాల్కనీ మరిదికి ఇచ్చి మీరు లోపలి రూముకి వెళ్ళండి. పడుకోవడానికే కదా.

పెద్దకోడలు
మీకు పిల్లలు లేరు కాబట్టి అలా అడిగారు.

సరే, చెప్తాను. పోయినసారి లోపలి రూమ్ తీసుకున్నాం. అప్పుడు బాబుకి రెండేళ్ళు. వాడు మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుంటే మూడింటికి లేచేవాడు. లోపలి రూమ్ అంటే 150, 160 చదరపు అడుగులు ఉంటుందేమో, లైటు ఆర్పితే పట్టపగలు కూడా కన్ను పొడుచుకున్నా కనపడదు. లైటు వేస్తే వాడు లేస్తాడు. వాణ్ణి వదిలి వెళ్ళలేను. ఏడు రోజులూ ఆ రెండు గంటలూ బాత్‌రూములో కూర్చున్నాను. కమోడ్ మూత వేసి దానిమీద కూర్చుని, తలుపు వేలెడంత తీసి పెట్టి, వాడి ఊపిరి వింటూ. కారిడార్‌లోంచి మా వాళ్ళ నవ్వులు వినపడేవి, పూల్ నుంచి తడి చెప్పులతో వస్తూ పోతూ. ఒక్కరు, ఒక్క రోజు, "నేను కూర్చుంటాలే, నువ్వు వెళ్ళిరా" అనలేదు. మావారు కూడా. అందుకని ఈసారి నాకు బాల్కనీ కావాలి. పాప లోపల పడుకుంటే నేను బయట కూర్చుని సముద్రం చూస్తాను. అది కూడా ఎక్కువేనా?

రెండోవాడు
ఎక్కువ కాదమ్మా.

శరత్‌కాలం
పిల్లలు లేరన్న మాట మీరు వెనక్కి తీసుకోనక్కర్లేదు, అలవాటే. కానీ ఇప్పుడు చెప్పారు చూడండి, అది ముందే చెప్పుంటే నేను బాల్కనీ గురించి ఎత్తేదాన్నే కాదు. మీకు ఆ బాల్కనీ రావాలి.

ఇప్పుడు మీ లెక్క మళ్ళీ చూసుకోండి. బాబు వదిన రూములో ఎందుకు ఉన్నాడు? మీ రూములో నాలుగో మంచం లేకనా? రాత్రి వాడికి కడుపునొప్పి వస్తే లేచేది ఎవరు, పొద్దున పళ్ళు తోమించేది ఎవరు, పూల్ దగ్గరికి తీసుకెళ్ళమని ఏడిస్తే వెళ్ళేది ఎవరు? పోయినసారి మీరు బాత్‌రూములో కూర్చుని చేసిన పనే ఈసారి ఆమెకి ఇచ్చారు. ఆమె తల్లి కాదు, ఆమెని అడగలేదు, పైగా పూర్తి టికెట్. మూడు ప్రయాణాల్లో నాకు జరిగింది ఇదే. నా గొడవ మంచం గురించి కాదు. పెళ్ళి కాని మనిషి సమయం ఖాళీగా పడి ఉంటుందని అందరూ అనుకోవడం, అదీ నా గొడవ.

లెక్కపక్కా
నేనొకటి ఒప్పుకోవాలి. డబ్బు పెట్టినవాళ్ళు ఎంచుకోవాలని నేను పట్టుపట్టడానికి కారణం ఉంది. మా అమ్మానాన్నల టికెట్లు, తమ్ముడి కుటుంబం టికెట్లు అన్నీ నేనే పెట్టి, మంచి రూములు వాళ్ళకిచ్చి, మేము కింద డెక్కులో లోపలి రూములో ఉన్నాం. వచ్చాక తమ్ముడు అందరితో అన్నది, "రూము బానే ఉంది కానీ లిఫ్ట్‌కి దూరం" అని. ఆరేళ్ళయింది, ఇంకా మర్చిపోలేదు. అందుకే ఎవరైనా విడి రూమ్ అడిగితే నాకు తమ్ముడే కనపడతాడు. ఈవిడ సంగతి వేరు, తన డబ్బు తను కడుతోంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒంటరి వాళ్ళకి చిన్న రూములున్న షిప్పులు కూడా ఉన్నాయి. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్‌లో ఒక్కరికోసమే 128 స్టూడియో కేబిన్లు పెట్టారు, తర్వాత మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. మీ షిప్పులో ఉన్నాయేమో అడగండి. గ్యారంటీ రేటు జోలికి మాత్రం పోకండి, చవకే గానీ రూమ్ నంబర్ వాళ్ళిష్టం, మీ వాళ్ళు తలో డెక్కులో పడతారు.

పెద్దకోడలు
నిన్న రాత్రి చాలాసేపు పడుకోలేదు. శరత్‌కాలం గారూ, పిల్లలు లేరన్న మాట నేను అనకూడదు. క్షమించండి.

పొద్దున వదినకి ఫోన్ చేశాను. బాబుతో ఇబ్బందా అని అడిగితే, వాడితో ఏ ఇబ్బందీ లేదు అంది. కాసేపాగి, మీ అమ్మగారితో అంది. పోయిన పండక్కి ఒకే గదిలో పడుకున్నప్పుడు మా అమ్మ రెండు రాత్రులూ పెళ్ళి గురించే అడిగిందట, "ఇప్పటికీ మించిపోలేదు" అని. ఏడు రాత్రులు అది వినలేను, డబ్బు ఎంతైనా కడతాను, కానీ నీకు ఎలా చెప్పను అంది. నాకు నోట మాట రాలేదు.

అత్తయ్యగారిని కూడా అడిగాను. ఆవిడకి బాల్కనీ అక్కర్లేదట, "ఊగకుండా ఉంటే చాలమ్మా" అన్నారు. నెల రోజులుగా నేను, మరిది ఆ బాల్కనీ గురించి మొహాలు చూసుకోవడం లేదు.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం. 11వ డెక్కు బాల్కనీ మరిదికి. అత్తయ్యగారు, మామగారు మధ్యలో కింది డెక్కు లోపలి రూముకి. నేను, అమ్మ, పాప 8వ డెక్కు బాల్కనీలో. మావారు, బాబు ఇంకో లోపలి రూములో, కాబట్టి రాత్రి కడుపునొప్పికి లేచేది ఆయనే. వదినకి ఐదో రూమ్, ఒక్కదానికే. దానిమీద పడే అదనపు ఖర్చు అన్నదమ్ములిద్దరూ చెరి సగం వేసుకోవాలని నేనన్నాను. మావారు సరే అన్నారు. మరిది ఇంకా జవాబివ్వలేదు. మధ్యాహ్నం పాప పడుకునే వేళకి నాలుగు రోజులు నేను, మూడు రోజులు మావారు. అది కాగితం మీద రాయించాను.

ఐదో రూమ్ ఉందో లేదో ఏజెంట్ నాలుగింటికి చెప్తానన్నాడు.

డెక్కుసెవెన్
ఉంటే వెంటనే పట్టేయండి, మరిది జవాబు కోసం ఆగకండి. అత్తయ్యగారి రూము పైన ఏముందో మాత్రం ప్లాన్‌లో చూడండి.

నీలిదారి
మీ అమ్మగారి రూముకీ మీవారి రూముకీ మధ్య కనెక్టింగ్ డోర్ ఎవరైనా వదులుకున్నారేమో ఒకసారి అడగండి, చివరి రోజుల్లో దొరుకుతాయి.

శరత్‌కాలం
వదినకి ఆ రూమ్ నంబర్ మీరే ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో మెసేజ్ పెట్టకండి.