సరదా దెయ్యం కథలన్నీ ఒకే పుస్తకంలో వేస్తే భయం మిగులుతుందా?

చీకటిపురుగు:
నవ్విస్తూ భయపెట్టే దెయ్యం కథలు, చిన్న చిన్న ఫాంటసీ కథలు కలిపి వేసిన సంపుటులు ఈమధ్య వరసగా చదివాను. ఒక్కో కథ విడిగా పత్రికలో వస్తే బాగానే ఉంటుంది. పుస్తకంగా చదివితే మాత్రం మూడో కథకే గుట్టు తెలిసిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు, దెయ్యం చివరికి మంచిదే, ఆఖరి పేరాలో ఒక జోకు. ఇంక టెన్షన్ ఎక్కడిది? నన్నడిగితే సరదా హారర్ విడి కథకే సరిపోతుంది, సంపుటికి ఆగదు. కాదనేవాళ్ళు చెప్పండి.

మర్రిఊడ:
కాదనేవాళ్ళలో మొదట నన్నే వేసుకోండి. బేతాళ కథల సంగతేమిటి మరి? 11వ శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్నాయి. శ్మశానం, భుజాన శవం, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు. ఇంత చేసి లోపల బేతాళుడు చెప్పే కథల్లో ఒకటి చూడండి. ముగ్గురు అన్నదమ్ములు, మహా సుకుమారులు. ఒకడు రాజుగారి భోజనం ముందు నుంచి ముక్కు మూసుకుని లేచిపోతాడు, అన్నం శవాల పొగ వాసన కొడుతోందని. ఆరా తీస్తే ఆ ధాన్యం శ్మశానం పక్క పొలంలో పండిందే! ఇంకొకడు ఏడు పరుపుల మీద పడుకుని ఒంటి మీద ఎర్రటి గీతతో లేస్తాడు. పరుపుల కింద దొరికింది ఒక్క వెంట్రుక. ఇది హాస్యం కాదా? ఎవడు ఎక్కువ సుకుమారుడని బేతాళుడు అడిగితే రాజు నోరు విప్పుతాడు, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఇలా పాతిక దాకా కథలు. నాకెక్కడా విసుగు రాలేదు.

చీకటిపురుగు:
మర్రిఊడ గారూ, మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది. అక్కడ నవ్వు లోపలి కథల్లో ఉంది, భయం బయటి కథలో ఉంది. శవాన్ని తెమ్మని రాజును పంపిన భిక్షువు చివరికి బలి ఇవ్వాలనుకున్నది దాన్ని మోసుకొస్తున్న ఆ రాజునే. ఇప్పటి సంపుటుల్లో అలాంటి బయటి కథ ఏదండీ? పన్నెండు జోకులు, మధ్యలో పన్నెండు పాడుబడ్డ ఇళ్ళు, అంతే.

ఎనిమిదోజాము:
బయటి కథే ఉండాలని లేదు. ఆస్కార్ వైల్డ్ 1887లో రాసిన కాంటర్‌విల్ దెయ్యం కథలో దెయ్యం సంకెళ్ళు ఈడ్చుకుంటూ వస్తే, ఇంటాయన చప్పుడు కాకుండా వాటికి రాసుకోమని నూనె సీసా ఇస్తాడు. నేల మీది నెత్తుటి మరక వాళ్ళు తుడిచేసినప్పుడల్లా, దెయ్యం ఆ ఇంటి అమ్మాయి రంగుల పెట్టెలోంచి రంగు దొంగిలించి మళ్ళీ పులుముతుంది. ఎరుపు అయిపోతే ఆకుపచ్చ! అంత నవ్వించాక, నిద్రలేక అలిసిపోయాను, చావు కావాలి అని అదే దెయ్యం ఆ అమ్మాయితో అంటుంది. అక్కడ నవ్వు ఆగిపోతుంది. దెయ్యం చేష్టల్ని ఎంతైనా ఎగతాళి చేయొచ్చు, దాని బాధ జోలికి మాత్రం జోకు వెళ్ళకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే.

తొంగిచూపు:
నాకసలు భయమే అక్కర్లేదండీ. పడుకునే ముందు రెండు కథలు చదివి నవ్వుకుంటే చాలు.

చీకటిపురుగు:
అప్పుడు హాస్యకథలు అని వేసుకోవచ్చుగా. అట్ట మీద పుర్రె ఎందుకు?

కూర్పరి:
పుస్తకాలు కూర్చే పని కాబట్టి నా మాట. చీకటిపురుగు గారు చెప్పిన జబ్బు నిజమే, కానీ అది కథలది కాదు, వరసది. ఇంగ్లీషు కథకుడు సాకి 1914 సంపుటిలో తెరిచిన కిటికీ గురించి ఒక కథ ఉంది. వేటకెళ్ళి మూడేళ్ళుగా తిరిగిరాని వాళ్ళ కోసం పిన్ని ఆ కిటికీ తెరిచి ఉంచుతుందని ఒక అమ్మాయి అతిథికి చెబుతుంది. సరిగ్గా అప్పుడే చీకట్లోంచి వాళ్ళు నడిచొస్తారు. అతను పరుగో పరుగు. అంతా ఆ పిల్ల కల్పనేనని మనకు తర్వాత తెలుస్తుంది. తెలిసేదాకా మనమూ అతని పక్కనే కూర్చున్నాం కదా? చదివేవాడికి ఇది ఉత్తుత్తిదో నిజమో ముందే తెలియకూడదు. అందుకే సంపుటిలో ఒకటి రెండు కథల్లో చావు నిజంగానే ఉండాలి. అదీ చివర్లో కాదు, రెండోదిగానో మూడోదిగానో పెట్టాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి జోకుకీ పాఠకుడు కాస్త జంకుతూనే నవ్వుతాడు. ఫాంటసీ కథలకూ అంతే. మంత్రం ఒక్కసారైనా వికటించి, మళ్ళీ సరికాకుండా ఉండాలి.

ఎనిమిదోజాము:
అట్ట మీద సరదా కథలు అని వేసి రెండో కథలోనే మనిషిని చంపితే, పాఠకుడికి మోసపోయానని అనిపించదూ?

కూర్పరి:
అనిపిస్తుంది, కొందరు తిడతారు కూడా. అయినా నేనైతే ఆ కథ తీయను.

మర్రిఊడ:
దీనికి నాకు అభ్యంతరం లేదు. బేతాళుడు కూడా రాజును చివరిదాకా అలాగే ఉంచాడు.

తొంగిచూపు:
చంపేది ఏ కథలోనో విషయసూచికలో చిన్న గుర్తు పెట్టండి కూర్పరి గారూ. దాన్ని పగలు చదువుకుంటాను.