వెండి తరిగిన రోమన్ నాణేల వరుస: మధ్యలో ఎవరెవరివి చేర్చాలి?

మంజీరతీరం:
నమస్కారం. చక్రవర్తి అగస్టస్ కాలం మొదలుకొని చక్రవర్తి ఆరేలియన్ వరకు రోమన్ నాణెంలో వెండి ఎలా తరిగిపోయిందో ఒకే పెట్టెలో కంటికి కనిపించేలా పది నాణేల వరుస కూర్చాలని నా సంకల్పం. ప్రస్తుతం నా వద్ద టైబీరియస్ దెనారియస్ (రోమన్ వెండి నాణెం), సెప్టిమియస్ సెవెరస్ దెనారియస్, గాలియెనస్ ఆంటోనినియానస్ (దెనారియస్ తరువాత వచ్చిన నాణెం) మాత్రమే ఉన్నాయి. మూడవదానిని చూసిన మా ఇంటివారు అది రాగి నాణెమనే అంటున్నారు. మధ్యలో ఎవరెవరివి చేర్చాలి, ఒక్కొక్కదానికి ఎంత వెచ్చించవచ్చు, టేకు పెట్టెలో దాచితే ప్రమాదమా, వెండిపాళ్ళను ఇంటివద్ద తెలుసుకొనే మార్గముందా అన్నవి నా సందేహాలు.

పాతటంకం:
నీరో లేనిదే ఈ వరుస లేదు. క్రీ.శ. 64లో ఆయన దెనారియస్ బరువును సుమారు 3.9 గ్రాముల నుంచి 3.4 గ్రాములకు దించాడు. ఐదేళ్ళు వెతికి సంపాదించిన నా నీరో దెనారియస్‌ను మా ఊరి బంగారు దుకాణంలో లోహపు పాళ్ళు చూపే క్యారట్ మీటర్ కింద పెట్టిస్తే 92 శాతం వెండి అని చూపింది. కాబట్టి ఆయన తూకం తగ్గించాడే గాని లోహాన్ని పెద్దగా పాడుచేయలేదని నా నిశ్చితాభిప్రాయం.

లోహపరీక్షకుడు:
నేను ఇరవై ఏడేళ్ళు లోహ పరీక్షశాలలో పనిచేసినవాడిని. ఆ యంత్రం నాణెం పైపొరను తప్ప లోపలిని చూడదని ఎన్నిసార్లు చెప్పినా ఈ పొరపాటు ఆగడం లేదు. ముద్ర వేయకముందు బిళ్ళను కాల్చితే పైనున్న రాగి మసిబారుతుంది. దానిని ఆమ్లంలో కడిగితే రాగి పోయి వెండి చర్మం మిగులుతుంది. ఆపైన శతాబ్దాలపాటు మట్టిలో ఉన్నప్పుడు మరికొంత రాగి కరిగిపోతుంది. అంచున సన్నని రంధ్రం చేసి లోపలి రజను తీసి పరీక్షించిన పరిశోధకులు కెవిన్ బుచర్, మాథ్యూ పాంటింగ్‌లకు 64 తరువాతి నీరో దెనారియస్‌లో తేలినది సుమారు 80 శాతమే. వెనుకటి పట్టికల్లోని 93 ఈ పైపొర చూపిన అంకె. అనుమానముంటే మీరూ రజను తీయించండి.

పాతటంకం:
మీ అనుభవం గొప్పదే కావచ్చు. అయితే అదే పరిశోధనలో 68లో నీరో వెండిని తిరిగి 90 శాతానికి పెంచినట్లు కూడా ఉంది. నా నాణెం ఆ ఏటిది కాదని, దానిని చూడకుండానే తీర్పు చెప్పే అధికారం మీకెవరిచ్చారు?

ఉలిగాటు:
రెండువేల ఏళ్ళు నిలిచిన నాణేనికి రంధ్రం చేయించమని సలహా ఇచ్చేవారు సేకర్తలకు మార్గదర్శకులు కాలేరు. పరిశోధకులు సంగ్రహాలయాల అనుమతితో చేసిన పనిని మనం ఇళ్ళలో చేస్తే మిగిలేది గాయపడిన లోహమే.
మంజీరతీరం గారూ, మీ టైబీరియస్‌కు మన నేలతోనే బంధముంది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1531 దెనారియస్‌లు దొరికాయి. అవి ప్రధానంగా అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. దక్షిణాపథంలో బయటపడిన ఇటువంటి నాణేల్లో చాలావాటిపై చక్రవర్తి తలమీదుగా ఉలిగాటు ఉంటుంది. నీరో తరువాతి దెనారియస్‌లు మన నిక్షేపాల్లో బాగా అరుదు. వెండి తరిగిందని ఇక్కడి వర్తకులు పసిగట్టారనే నా నమ్మకం. మన దీనారమనే మాట కూడా ఆ దెనారియస్ నుంచి వచ్చినదే. ఒక్క మనవి: పొలంలో దొరికిందని చెప్పి ఎవరైనా అమ్మజూపితే తాకకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం దానిని జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి.

డాలస్‌వాసి:
ఆరేలియన్ విషయంలో నా నష్టం చెబుతాను. 274లో ఆయన సంస్కరించిన నాణేల అడుగున ఇరవైయొకటి అన్న రోమన్ అంకె ఉంటుంది. ఇరవై పాళ్ళ లోహానికి ఒక పాలు వెండి, అంటే అయిదు శాతం అని దానికి ఎక్కువమంది చెప్పే అర్థం. పైన పలుచని వెండి పూత ఉంటుంది. నాకు దొరికిన నాణెం మీద ఆ పూత ముప్పాతిక వంతు నిలిచే ఉండగా, ఇత్తడి సామానులా మెరిపిద్దామని చింతపండుతో తోమాను. పది నిమిషాల్లో పూతంతా పోయి ఎర్రటి రాగి తేలింది. ఇటువంటి నాణేన్ని మంచినీళ్ళతో తప్ప కడగవద్దు.

మంజీరతీరం:
అందరికీ కృతజ్ఞతలు. టేకు పెట్టె గురించి, ఖర్చు గురించి ఎవరూ చెప్పలేదు.

గోదావరిఖని:
మీరంతా ఇది ఒకే వాలున దిగిన మెట్లదారి అన్నట్లు మాట్లాడుతున్నారు. డొమిషియన్ 82లో వెండిని దాదాపు శుద్ధస్థాయికి పెంచి, 85లో మళ్ళీ తగ్గించుకోవలసి వచ్చింది. ఆ మూడేళ్ళ దెనారియస్ ఒకటి లేకపోతే మీ వరుస అసత్యం చెబుతుంది. సెవెరస్ వద్ద వెండి సగానికి చేరింది. 215లో కరకల్లా కిరణాల కిరీటంతో కొట్టించిన ఆంటోనినియానస్‌ను రెండు దెనారియస్‌ల విలువకు చలామణి చేశారని పరిశీలకుల అభిప్రాయం. అందులో ఉన్నది సుమారు ఒకటిన్నర దెనారియస్‌ల వెండే. అసలు మోసం అదే. గాలియెనస్ పాలన చివరి ఏళ్ళలో ఆ నాణెంలో వెండి అయిదు శాతం లోపునకు పడిపోయింది. మీ ఇంటివారిని తప్పుపట్టనక్కరలేదు.

లోహపరీక్షకుడు:
రంధ్రం మాట నేను ఉపసంహరించుకుంటున్నాను. పాతటంకం గారూ, మీ నాణెం ముఖభాగంలో ఏమి రాసి ఉందో చెప్పండి. అక్షరాలు ‘ఇంపరేటర్’ అన్న బిరుదు సంక్షేపంతో మొదలైతే చివరి ఏళ్ళది కావచ్చు. మిల్లీగ్రాము చూపే త్రాసు దొరికితే నాణేన్ని సన్నని దారంతో నీళ్ళలో వేలాడదీసి బరువులో తరుగు చూడండి; గాలిలోని బరువును ఆ తరుగుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధ వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. తొంభై రెండు శాతమైతే 10.35 దరిదాపున, ఎనభై అయితే 10.14 దరిదాపున రావాలి.

పాతటంకం:
ముఖం మీద ‘నీరో సీజర్ అగస్టస్’ అని, వెనుక సింహాసనంపై జూపిటర్ కస్టోస్, అంటే రక్షకుడైన జూపిటర్ దేవుడు. ఇంపరేటర్ లేదు. మా అబ్బాయి కళాశాల ప్రయోగశాలలో తూచాము. గాలిలో 3.210 గ్రాములు, నీళ్ళలో తరుగు 0.317. మూడుసార్లు తూచినా అదే వచ్చింది. సాంద్రత 10.13.