కార్గిల్ దినాన పాడే బృందగానంలో అవతలి సైనికుడి తల్లికి చోటుందా?

ఒంగోలు గాన శిక్షకుడు: జూలై 26న మా బృందం 40 గొంతులతో పాడబోయే గీతం రెండవ చరణంలో, అవతలి పక్షాన కొడుకును పోగొట్టుకున్న తల్లిని కూడా తలచుకున్నాము. నిర్వాహకులు దానిని తీసివేయమంటున్నారు. 1940లో జర్మన్ బాంబులకు కూలిన ఇంగ్లండులోని కోవెంట్రీ కథీడ్రల్ అనే పెద్ద చర్చి పక్కన కొత్తది కట్టి, 1962లో అక్కడ ఆంగ్ల సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ కూర్చిన యుద్ధమృతుల స్మృతిగానం ‘వార్ రిక్వియమ్’ను తొలిసారి వినిపించినప్పుడు, ఆంగ్లేయుడైన పీటర్ పియర్స్ సరసన జర్మన్ గాయకుడు ఫిషర్ డీస్కౌ నిలబడి పాడారు. బాంబులు పడ్డ ఊరికే బరువు కానిది మనకు బరువా?

కందుకూరు మాజీ హవల్దారు: అయ్యా, అప్పటికి వారి యుద్ధం ముగిసి 17 ఏళ్లయింది. మన సరిహద్దున ఈ రాత్రి కూడా పిల్లలు కాపలా ఉన్నారు. శత్రువు అన్న మాట ఆ వేదిక మీద వినలేను.

కావలి శ్రోత: ఆ మాట పాటలో లేదండీ. ‘అవతలి గట్టు తల్లి’ అని ఉంది.

హవల్దారు: ఏ మాటైనా అర్థం ఒకటే. మా తమ్ముడి నల్ల ఇనుప పెట్టె ఇంటికి వచ్చిన రోజు, దాని మీద తెల్ల రంగుతో రాసిన నంబరును మా అమ్మ పొద్దుగూకే దాకా కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఊరంతా వచ్చి పాడింది. పింఛను కాగితాల కోసం ఒక కార్యాలయం చుట్టూ నేను 14 నెలలు తిరిగితే, పాడినవారిలో ఒక్కరూ తోడు రాలేదు.

శిక్షకుడు: అది అన్యాయమే, కానీ నా ప్రశ్న సంగీతం గురించి. ‘వార్ రిక్వియమ్’లో గంటలు మన లెక్కలో షడ్జమం, ప్రతిమధ్యమం అనే రెండు స్వరాల్లో మోగుతాయి. ఆ జంట చెవిని కుదురుగా ఉండనివ్వదు. అందులోని పద్యాలు రాసిన ఆంగ్ల సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్, మొదటి ప్రపంచ యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు, 1918 నవంబరు 4న చనిపోయాడు. అటువంటి చావును జయజయధ్వానాలతో కప్పలేము.

హవల్దారు: అంటే వృథాగా పోయాడనేగా! మీ మూడవ చరణంలో ఆ మాటే ఉంది. అవతలి తల్లి ఏడిస్తే నాకు పేచీ లేదు. మా తమ్ముడు వృథాగా పోయాడని 40 మంది నా ఎదుట పాడుతుంటే నేను ఎలా కూర్చోను?

కావలి శ్రోత: మూడు రోజులుగా రెండవ చరణం మీద వాదించుకున్నాము, అన్నగారూ.

శిక్షకుడు: నేను యుద్ధాన్ని వృథా అన్నాను, మనిషిని కాదు. ఆ తేడా వినిపించకపోతే తప్పు నా రచనదే. ఆదివారం సాధనకు అమ్మగారిని తీసుకురండి. వారు వద్దంటే ఆ పాదం తీసేస్తాను. రెండవ చరణం మాత్రం తీయను.

హవల్దారు: దానికి నేను ఒప్పుకోలేదు. అమ్మకు సరిగా వినపడదు, కుర్చీ ముందు వరుసలో వేయించండి.