కీమో మధ్యలో వ్యాయామం: "లైట్‌గా చేయండి" అంటే ఎంత?

ప్రశ్న (డంబెల్ రాణి):
రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఎడమ చంకలో లింఫ్ నోడ్స్ కూడా తీశారు. ఇప్పుడు కీమో నడుస్తోంది, ఆ ఎర్ర మందే (డాక్సోరుబిసిన్ రకం). ఎక్కించిన తర్వాత మూడు నాలుగు రోజులు మంచం దిగలేను. ఆపైన కాస్త తేరుకుంటాను గానీ నీరసం మాత్రం వదలదు. జబ్బుకి ముందు రోజూ నడిచేదాన్ని, డంబెల్స్ ఎత్తేదాన్ని. ఇప్పుడు లేచి నాలుగడుగులు వేస్తే చాలు, "నీకెందుకమ్మా, పడుకో" అంటారు మా అత్తగారు. మావారిదీ అదే పాట. డాక్టర్‌ గారిని అడిగితే "లైట్‌గా చేయండి" అన్నారు. ఇంకోటి అడిగేలోపు తర్వాతి పేషెంట్ లోపలికొచ్చేశారు. లైట్ అంటే ఎంతండీ? ఎడమ చేత్తో బరువెత్తితే చెయ్యి వాస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు (గోడ పట్టుకుని నడిచినావిడ):
అత్తగారిది ప్రేమే, కాదనను. కానీ కీమో నీరసం పడుకుంటే తీరే రకం కాదు. ఎంత పడుకుంటే కాళ్లు అంత వీకవుతాయి, లేచినప్పుడు ఇంకా నీరసం. పైగా వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ ఎక్కువగా వాడాల్సి వస్తే తొడ కండరాలు బలహీనపడొచ్చు. నాకు కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వచ్చేది. అందుకని మా ఫిజియో మొదట నేర్పింది అదే. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవడం, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం. ఆ "నెమ్మదిగా" అన్నదగ్గరే అసలు కష్టం, ధబ్‌మని కూలబడితే లెక్కలోకి రాదు అనేది ఆవిడ. మహా కఠినాత్మురాలు!

లైట్ అంటే నాకు చెప్పిన కొలత ఇది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మందెక్కిన మొదటి రోజుల్లో గదిలో గోడ పట్టుకుని రెండు చుట్లు తిరిగినా చాలు. తేరుకున్నాక పెంచుకోండి. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ క్యాన్సర్ పేషెంట్లకి చెప్పింది వారానికి 3 సార్లు 30 నిమిషాల నడకలాంటిది, 2 సార్లు కండరాలకి పని. అది చేరాల్సిన చోటు. రేపే అంతా చేసేయాలని టెన్షన్ పడకండి.

చెయ్యి వాపు సంగతి: బరువులు ఎత్తితే లింఫెడీమా (లింఫ్ నోడ్స్ తీశాక చేతిలో ద్రవం చేరి వచ్చే వాపు) ముదురుతుందని పూర్వం డాక్టర్లే అనేవారు. 2009లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో, వాపు ఉన్న ఆడవాళ్లతోనే పద్ధతిగా, కొంచెం కొంచెంగా పెంచుతూ ఎత్తించి చూశారు. వాపు ముదరలేదు. అయితే వాళ్లకి దగ్గరుండి నేర్పినవాళ్లున్నారు. మీరూ ఆపరేషన్ గాయం మానిందని సర్జన్ చెప్పాక, అతి తక్కువ బరువుతో మొదలెట్టండి. చెయ్యి బరువుగా, బిగుతుగా అనిపిస్తే ఆపి చూపించుకోండి.

జవాబు (పేరులో ఏముంది):
అక్కా, జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే. మందెక్కాక సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో రద్దీగా ఉండే జిమ్ వద్దు. పిక్ లైన్ (మందెక్కించడానికి చేతి నరంలో పెట్టి ఉంచే సన్నటి గొట్టం) ఉంటే ఈత కూడా వద్దు.

డంబెల్ రాణి:
మెనీ థ్యాంక్స్. మావారికి మీ జవాబు చదివి వినిపించాను, "కుర్చీ అయితే సరే" అన్నారు. ఎర్ర మందు అయ్యాక ప్యాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అంటున్నారు. దాంతో పాదాలకి తిమ్మిర్లట కదా, నడక ఆపేయాలా?

జవాబు (క్యాన్సర్ వార్డులో ఫిజియో):
ఆపక్కర్లేదండీ, పద్ధతి మార్చాలి. పాదం కింద నేల సరిగా తెలియకపోతే ట్రెడ్‌మిల్ మానేయండి. కదలని సైకిల్ మేలు. చదునైన చోట, మడమ పట్టి ఉంచే బూట్లేసుకుని నడవండి, ఇంట్లో కూడా. ఒంటికాలి మీద నిలబడే సాధన చేసేటప్పుడు పక్కన గట్టిగా ఆనుకోడానికి ఏదైనా ఉండాలి. తిమ్మిర్లు మొదలైతే మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, డోసు సవరించాల్సి రావచ్చు.

ఇంకో మాట. ఎర్ర మందు గుండె మీద ప్రభావం చూపగలదు. ఎకో (గుండె స్కాన్) ఎలా ఉందో, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్ ఎంతున్నాయో అడిగి తెలుసుకున్నాకే బరువులు పెంచండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం, ఒక కాలు మాత్రమే వాయడం, వీటిలో ఏది కనిపించినా ఆపేసి వెంటనే ఫోన్ చేయాలి. మీ డాక్టర్ దగ్గర "లైట్‌గా అంటే?" అని అడక్కండి. "ఈ విడత కీమోలో ఎన్ని కిలోల దాకా ఎత్తనా, ఫిజియో దగ్గరికి పంపిస్తారా?" అని కాగితం మీద రాసుకెళ్లి అడగండి.