డైనోసార్ గుడ్డు కొని ఇంట్లో పెట్టుకోవడం తప్పా?

రాళ్లపిచ్చి:
పదేళ్లుగా శిలాజాలు పోగేస్తున్నాను. ఎక్కువగా అమ్మోనైట్లు, ట్రైలోబైట్లు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన సముద్ర జీవులవి. ఈమధ్య ఒకతను డైనోసార్ గుడ్డు అమ్ముతానన్నాడు. పిడికిలికి రెండింతలుంటుంది, పెంకు మీది పగుళ్లు కూడా తెలుస్తున్నాయి. ఫొటో చూసినప్పటి నుంచి నిద్ర లేదు. మా ఫ్రెండ్ మాత్రం "దొంగసొత్తు కొన్నట్టే" అని తేల్చేశాడు. నేలలో దొరికిన రాయికి దొంగతనం ఏంటండీ?

మట్టిపొర:
ఎక్కడ తవ్వారు, ఎప్పుడు దేశం దాటింది? కాగితం ఉందా? 1990ల్లో చైనాలోని హెనాన్ నుంచి గుడ్లు కుప్పలుతెప్పలుగా బయటి మార్కెట్లకు వచ్చాయి. అమెరికాలో అయితే సొంత భూమిలో దొరికిన శిలాజాన్ని యజమాని అమ్ముకోవచ్చు. చైనా, మంగోలియా, అర్జెంటీనాల్లో అలా కుదరదు. 1970 నాటి యునెస్కో ఒప్పందం కూడా శిలాజాలను సాంస్కృతిక సంపదలోనే లెక్కేసింది.

పాతపెట్టె:
చట్టం సంగతి సరే. ఎవరూ తీయకపోతే వానకూ ఎండకూ ఆ గుడ్డు పిండైపోతుంది. బేబీ యింగ్లియాంగ్ కథ చూడండి. చైనాలో ఒక రాతి కంపెనీ 2000లో కొన్న గుడ్డు అది. పదేళ్లకు పైగా గోదాములో పడి ఉంది. తర్వాత సామాను సర్దుతుంటే ఎముకలు కనబడ్డాయి. 2021లో ప్రపంచమంతా చూసింది, గుడ్డులో ముడుచుకుని పడుకున్న పిల్లని. ప్రైవేటువాళ్లు కొని దాచబట్టే కదా!

మట్టిపొర:
దాచడం మంచిదే. కానీ గుడ్డుతో పాటు దాని చుట్టూ ఉన్న మట్టిని ఎవరూ అమ్మరు, సగం కథ ఆ మట్టిలోనే ఉంటుంది. అర్జెంటీనాలోని ఆకా మహువేవోలో 1997లో వేల గుడ్లు బయటపడ్డాయి. ఏ గుడ్డు ఏ పొరలో ఉందో రాసుకున్నారు కాబట్టే, టైటనోసార్లనే పొడవు మెడ డైనోసార్లు మళ్లీ మళ్లీ అదే చోటికి వచ్చి గుడ్లు పెట్టేవని తెలిసింది. అవే గుడ్లు వేల షెల్ఫుల మీదికి చేరి ఉంటే ఆ సంగతి తెలిసేదా?

ఇంకోటి. 1923లో మంగోలియాలో గుడ్ల గూటి మీద ఒక డైనోసార్ దొరికింది. గుడ్లు వేరే జాతివి, ఇది తినడానికి వచ్చిందనుకుని 1924లో దానికి ఓవిరాప్టర్ అని పేరు పెట్టారు. అంటే గుడ్ల దొంగ. 1993లో అలాంటి గుడ్డులోనే ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిండం దొరికింది. పాపం, అది తన గుడ్ల దగ్గరే ఉండి ఉంటుంది! గుడ్లూ ఎముకలూ కలిసి దొరికాయన్న రికార్డు ఉండబట్టే ఆ నింద పోయింది. పేరు మాత్రం మిగిలిపోయింది.

పాతపెట్టె:
మంచి కథే. కానీ మంగోలియాలో ఆ తవ్వకాలు జరిపిన అమెరికన్ అన్వేషకుడు ఆండ్రూస్ బృందం కూడా ఒక గుడ్డును వేలం వేసి 5,000 డాలర్లు తెచ్చుకుంది. శాస్త్రవేత్తలు అమ్మితే నిధుల సేకరణ, మేం కొంటే దొంగతనమా?

మట్టిపొర:
అది పొరపాటేనని ఆండ్రూసే తర్వాత ఒప్పుకున్నాడు. ప్రతి గుడ్డూ అంత పలుకుతుందనుకుని అక్కడి ప్రభుత్వాలు అతని బృందాన్ని అనుమానించడం మొదలుపెట్టాయి.

భూతద్దం:
మీ ఇద్దరి గొడవలో అసలు ప్రశ్న పోయింది. అది నిజంగా గుడ్డేనా? గుండ్రటి రాయికి అసలు పెంకు ముక్కలే అతికించి అమ్ముతారు. ఫొటోలో పసిగట్టలేం. యాసిడ్ చుక్క వేసి చూడమంటారు కొందరు, అది శుద్ధ దండగ. సున్నపురాయి కూడా పొంగుతుంది. లెన్సుతో విరిగిన అంచు చూడండి. పెంకుకు మందం ఉంటుంది, నిలువు స్ఫటికాల వరుస ఉంటుంది, పైన గాలి రంధ్రాలుంటాయి. లోపల పిల్ల ఉందని ఎక్కువ అడిగితే మాత్రం నమ్మకండి. చాలా గుడ్లలో ఉండేది గట్టిపడిన మట్టే.

మట్టిపొర:
పిల్ల నిజంగానే ఉంటే ఇంకా చిక్కు. 'బేబీ లూయీ' అనే డైనోసార్ పిల్ల శిలాజం అలాగే హెనాన్ నుంచి 1993లో అమెరికా చేరింది. 2013లో చైనాకు తిరిగి వెళ్లాకే, 2017లో దానికి బేబేలాంగ్ అని శాస్త్రీయ నామం పెట్టారు. అన్నేళ్లూ అంత ప్రసిద్ధమైన పిల్లకు పేరే లేదు.

రాళ్లపిచ్చి:
అడిగానండీ. "చైనాది, పాత కలెక్షన్" అన్నాడు. ఏ ఊరు, ఏ సంవత్సరం అంటే జవాబు లేదు. విరిగిన అంచు ఫొటో పెట్టమన్నాను. "ఇంకొకరు రెడీగా ఉన్నారు, రాత్రిలోగా చెప్పండి" అని మెసేజ్ వచ్చింది.

పాతపెట్టె:
ఆ ఇంకొకరు నేనే అనుకుంటా. నాకూ అదే మెసేజ్ వచ్చింది.