బిర్కా 581వ సమాధిలో ఉన్నామె నిజంగా యోధురాలేనా?

పాతరాయి:
స్వీడన్‌లో మెలారెన్ సరస్సు మధ్య బ్యోర్కో అనే దీవి ఉంది. వైకింగుల (ఓడల్లో తిరిగిన ఉత్తర ఐరోపా వ్యాపారులు, యోధులు) కాలంలో అక్కడ బిర్కా అనే వ్యాపార పట్టణం ఉండేది. 1878లో పురావస్తు పరిశోధకుడు యాల్మార్ స్టోల్పె అక్కడ తవ్విన 581వ నంబరు సమాధిలో కత్తి, గొడ్డలి, ఈటె, కవచాన్ని చీల్చే బాణాలు, రెండు డాళ్లు, రెండు గుర్రాలు బయటపడ్డాయి. అది గొప్ప యోధుడి సమాధి అని రాసుకున్నారు. 2017లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆ మనిషి స్త్రీ అని తేలింది. అప్పటి నుంచి ఎక్కడ చూసినా 'వైకింగ్ యోధురాలు' అనే మాటే.

ఇది తొందరపాటు అని నా అభిప్రాయం. సమాధిలో వస్తువులు పెట్టేది బతికున్నవాళ్లు. ఇంటి హోదా చూపించడానికి పెట్టి ఉండొచ్చు. పైగా ఎముకల మీద ఒక్క గాయం గుర్తు కూడా లేదు. జీవితమంతా యుద్ధాలు చేసిన మనిషి ఒంటి మీద ఒక్క దెబ్బైనా ఉండదా?

గోదారిగట్టు:
నాది ఇంకా ముందు అనుమానం. ఎప్పుడో తవ్విన ఎముకలు. మ్యూజియం పెట్టెల్లో ఒకరివి ఒకరివి కలిసిపోయి ఉండవా?

నూలుపోగు:
గోదారిగట్టు గారూ, ఆ అనుమానం పరిశోధకులకూ వచ్చింది. అందుకే పన్ను నుంచీ, భుజం నుంచి మోచేయి దాకా ఉండే ఎముక నుంచీ విడివిడిగా డీఎన్‌ఏ తీశారు. రెండూ ఒకే స్త్రీవి. ఎముకల మీద సమాధి నంబరు సిరాతో రాసి ఉంది. స్టోల్పె గళ్ల కాగితం మీద ఏ వస్తువు ఎక్కడుందో కొలిచి గీసుకున్న మనిషి. ఆయన గీసిన బొమ్మలో ఉన్నది ఒక్కరే. ఇవి స్త్రీ ఎముకల్లా ఉన్నాయని 1970లలోనే ఎముకల నిపుణులు అన్నారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇక పాతరాయి గారి గాయాల సంగతి. బిర్కాలో కచ్చితంగా మగవాళ్లవని తేలిన 49 అస్థిపంజరాల్లో పదునైన ఆయుధం దెబ్బ కనిపించింది ఇద్దరికే. మిగతా 47 మందిలో ఆయుధాలతో పాతిపెట్టినవాళ్లను 'వీళ్లు యోధులు కారు' అని ఎవరైనా అన్నారా? పొట్టలోనో తొడ కండలోనో తగిలిన పోటు ఎముక దాకా వెళ్లకపోతే మనకు కనిపించదు కూడా.

నాకు అసలు బాధ ఇక్కడే. ఈ అస్థిపంజరం మగవాడిది అనుకున్నంత కాలం, అంటే 139 ఏళ్లు, ఆ కత్తి అతనిదేనా, హోదా కోసం పెట్టారా అని ఎవరూ గట్టిగా అడగలేదు. స్త్రీ అని తేలిన మర్నాడే ప్రశ్నలన్నీ పుట్టుకొచ్చాయి. ప్రశ్నలు మంచివే. కానీ ఒకే తరాజుతో తూయాలి కదా!

కృష్ణలంక_కుర్రాడు:
అక్కా, ఒడిలో ఆట పావులు దొరికాయి కాబట్టి ఆమె సేనాని అని కూడా రాస్తున్నారు. అది నిజమేనా?

నూలుపోగు:
పావులు దొరికిన మాట నిజం తమ్ముడూ. 28 పావులు, మూడు పాచికలు. యుద్ధ వ్యూహాల మీద ఆసక్తికి అది గుర్తు అంటారు. దాని మీద సేనాని అనేదాకా వెళ్లడం మాత్రం నాకూ నచ్చదు. పాచికలు ఎవరైనా ఆడతారు. నాకు బలంగా అనిపించేది సమాధి ఉన్న చోటు. అది పట్టణం పైన ఎత్తులో, సైనికుల స్థావరం పక్కనే ఉంది. ఆ కాలపు స్త్రీల సమాధుల్లో మామూలుగా కనిపించే కోడిగుడ్డు ఆకారపు జత పిన్నులు ఇందులో లేవు. ఉన్నది వెండి తొడుగు వేసిన టోపీ. అలాంటి టోపీలకు పోలికలు తూర్పున, రూస్ (ఇప్పటి ఉక్రెయిన్, రష్యా) ప్రాంతాల వైపు కనిపిస్తాయి. రెండు గుర్రాల్లో ఒకదానికి కళ్లెం వేసి, ఎక్కడానికి సిద్ధంగా ఉంచారు. ఇవన్నీ కలిపి చూస్తే యోధురాలు అనేదే నాకు సూటిగా తోచే జవాబు.

గోదారిగట్టు:
971లో రూస్ రాజు స్వ్యతొస్లావ్ బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చేతిలో ఓడినప్పుడు, చనిపోయినవాళ్లలో మగవాళ్లలా కవచాలు తొడుక్కున్న స్త్రీలు కనిపించారని అక్కడి చరిత్రకారుడు స్కిలిట్జెస్ రాశాడు. ఇదీ లెక్కలోకి వస్తుందేమో.

పాతరాయి:
స్కిలిట్జెస్ రాసింది ఆ యుద్ధం జరిగిన దాదాపు వందేళ్లకు. నేనైతే దాని మీద ఎక్కువ బరువు పెట్టను. ఒక్క సమాధిని పట్టుకుని వైకింగ్ సైన్యం నిండా ఆడవాళ్లే అన్నట్టు చెప్పడం కూడా అన్యాయమే. ఆ కాలంలో ఎక్కువమంది స్త్రీలు ఉన్ని వడికారు, మగ్గం మీద నేశారు. ఆ ఓడలు సముద్రం దాటింది వాళ్లు నేసిన తెరచాపలతోనే. ఆ పని గురించి ఇలాంటి చర్చలు ఎందుకు జరగవు?

తరాజు మాట మాత్రం నాకు న్యాయంగానే ఉంది. అయితే ఆ మగవాళ్ల సమాధుల గురించిన బోర్డుల మీదా 'ఆయుధాలతో పాతిపెట్టిన వ్యక్తి' అనే రాద్దాం. ఒప్పుకుంటారా?

నూలుపోగు:
తెరచాపల గురించి మీరన్నదానికి వంద శాతం ఒప్పుకుంటాను, దాని మీద విడిగా చర్చ పెట్టండి, నేనూ వస్తాను. బోర్డుల విషయానికీ సరే. కాకపోతే ముందు ఆ మగవాళ్ల బోర్డులు మార్చండి, 581 వంతు తర్వాత చూద్దాం.